సీరియల్ అమ్మ చదువు

ఆ సీరియల్ రాసినవాడు తాళాలాయన ఇంట్లోంచి నాలుగేళ్ల సాయంత్రాలు ఎత్తుకుపోయాడు. ఇందులో వాదించడానికేమీ లేదు. సొత్తు పోయింది, దొంగ ఎవరో తెలుసు, ఫిర్యాదు తీసుకునే ఠాణా మాత్రం లేదు.

ఈ సంగతి ఆయన దుకాణం మెట్టెక్కిన వాళ్లందరికీ తెలుసు. మారు తాళంచెవి కోసం వచ్చినవాడు అది తయారయ్యేదాకా కదలడానికి వీల్లేదు కదా. ఆకురాయి పళ్లు కోస్తున్నంతసేపూ ఆయన చెప్పేవాడు, వచ్చినవాడు వినేవాడు. మధ్యలో ఎవరైనా నవ్వారో, ఆకురాయి ఆగేది. నవ్వు పూర్తిగా చల్లారేదాకా మళ్లీ కదిలేది కాదు.

ఆయన పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా చదివాడు. ఆ బడికి ఒకటే గది, ఒకడే పంతులు, ఆ పంతులికి ఒకటే చెవి వినిపించేది. పట్నం వచ్చి తాళాల పని నేర్చుకున్నాక ఆయన పేరుతో ఎవరికీ పని లేకపోయింది. తాళాలాయన అంటే వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా తెలుసు. భార్య పోయాక మాట మరీ పొదుపైంది. అలా పొదుపు చేసిన మాటలన్నీ ఈ ఒక్క ఫిర్యాదు మీదే ఖర్చుపెట్టేవాడు.

ఆ సీరియల్ చూడనివాళ్లు ఉండొచ్చు, అందుకని చెప్పాలి. టీవీ కొత్తగా ఇళ్లలోకి వస్తున్న రోజుల్లో వారానికోసారి వచ్చేది. ఒక ఇల్లు. అమ్మ, నాన్న, కొడుకు, కూతురు, మేడమీద అద్దెకున్న బ్రహ్మచారి. ఎవరో తలుపు కొడతారు, ఏదో గందరగోళం పుడుతుంది, అరగంటలో అన్నీ సర్దుకుంటాయి. తెర వెనక జనం నవ్వుతారు, తెర ముందు జనం వాళ్లతో కలిసి నవ్వుతారు. మంచి సీరియలే. ఆ మాట తాళాలాయన కూడా కాదనడు.

కాలేజీ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ సీరియల్‌కి మతి ఉండేది కాదు. కొడుకు ఇంజినీరింగులో చేరతాడు. వానాకాలం దాటేసరికి కామర్సు పుస్తకాలు మోస్తుంటాడు. ఎందుకు మారాడో కన్న తండ్రి కూడా అడగడు. ఏళ్ల తరబడి రెండో సంవత్సరంలోనే ఉంటాడు, తప్పాడని ఒక్కరూ తిట్టరు. కూతురి కాలేజీకి ఒక వారం నడిచి వెళ్లొచ్చు, ఇంకో వారం రైలెక్కాలి. తండ్రి ఒకసారి హాస్టల్లో తిన్న తిండి తలుచుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు, ఇంకోసారి "కాలేజీని గేటు బయటినుంచే చూశాన్రా నేను" అని నిట్టూరుస్తాడు. మేడమీది బ్రహ్మచారి కాలేజీలో పాఠాలు చెబుతాడో, వింటాడో చివరిదాకా తేలలేదు.

వీటిని జనం చూసీ చూడనట్టు వదిలేశారు. అసలు తప్పు తల్లిది. మొదటి ఏడాదిలో ఆవిడ పిండి కలుపుతూ, "నేను బడి చదువుతోనే సరి. కాలేజీ గడప తొక్కినదాన్ని కాదు. నాకేం తెలుసు మీ పరీక్షలు?" అంటుంది. నాలుగో ఏడాదికి అదే వంటింట్లో, అదే పిండి కలుపుతూ, పరీక్షలంటే జడిసి ముసుగుతన్ని పడుకున్న కొడుకుతో, "నేను డిగ్రీ చదివేటప్పుడు నాకూ వణుకేరా. వణుకుతూనే వెళ్లాను, వణుకుతూనే రాశాను" అంటుంది. కొడుకు లేస్తాడు, జనం చప్పట్లు కొడతారు. ఆవిడ డిగ్రీ ఎప్పుడు చదివిందని ఎవరూ అడగరు.

రాసినవాడు మర్చిపోయాడు, అంతే. చూసినవాళ్లలో కొందరికి అది తట్టింది, నవ్వుకున్నారు. తాళాలాయన భార్య నవ్వలేదు. ఆవిడ కూడా బడి చదువుతో ఆగిపోయిన మనిషే. కూర తరుగుతున్న కత్తి పక్కన పెట్టింది.

"ఏమండీ, విన్నారా? ఆవిడ డిగ్రీ చదివిందట."

"వెనక రాసింది మర్చిపోయుంటాడు వెధవ."

"మర్చిపోవడమేంటి? మధ్యలో చదువుకుని ఉంటుంది."

"ఎప్పుడే? వారం వారం చూస్తూనే ఉన్నాంగా. ఆ వంటిల్లు దాటి బయటికొస్తేగా!"

"వారానికి అరగంటేగా మనం చూసేది. మిగతా వారమంతా ఆవిడ ఏం చేస్తోందో మీకేం తెలుసు?"

ఆయన ఊరుకోలేక ఇంకో రాయి వేశాడు.

"మొగుడికి చెప్పకుండా చదివిందంటావా?"

"చెప్పే ఉంటుంది. ఆయన విని ఉండడు."

మర్నాడే తాళాలాయన భార్య సాయంత్రం పూట నడిచే కాలేజీ ఎక్కడుందో కనుక్కుని వచ్చింది. సీరియల్ అమ్మ పిండి కలుపుతూ చదవగా లేనిది తనకేం అడ్డమని ధీమా. ఆవిడకి దారి చూపించిన మనిషి లోకంలో లేదు. ఒక రచయిత మతిమరుపులో పుట్టిన మనిషి. ఈ సంగతి తాళాలాయన చెప్పి చూశాడు. ఆవిడ చెవిన పెట్టలేదు. భూగోళశాస్త్రం తీసుకుంది. అదే ఎందుకంటే, ఎక్కడికీ వెళ్లలేదు కనకట.

అక్కణ్నుంచి నాలుగేళ్లు. ఆయన దుకాణం కట్టేసి వచ్చేసరికి పొయ్యి చల్లగా ఉండేది, కంచం మీద కంచం బోర్లించి ఉండేది, వాళ్ల పసి కూతురు నేలమీద పడుకుని బొమ్మలు గీసుకుంటూ ఉండేది. ఇల్లాలు లేని ఇంట్లో దీపం ఆయనే వేసుకునేవాడు. తెల్లారితే ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి పాఠం పైకి చదివేది. నదులు మెలికలెందుకు తిరుగుతాయో ఆయన పళ్లు తోముకుంటూ విన్నాడు. గాలి ఎటునుంచి ఎటు ఎందుకు వీస్తుందో గడ్డం గీసుకుంటూ విన్నాడు. రెండుసార్లు తెగింది కూడా.

ఆవిడ గట్టెక్కింది. బడిలో భూగోళం చెప్పే ఉద్యోగం వచ్చింది. చాలా ఏళ్లు చెప్పింది. తర్వాత మంచాన పడింది. తర్వాత పోయింది. ఇదీ కథ. పోయిన మనిషితో ఇంకా గడపవలసిన సాయంత్రాలు కొన్ని తక్కువయ్యాయని తాళాలాయన లెక్క. ఆ తక్కువైనవి ఎవడి ఖాతాలో రాయాలో ఆయనకి బాగా తెలుసు.

ఒక పొద్దున కూతురు దుకాణానికి వచ్చింది. ఆ పిల్లది గొంతు అరువిచ్చే పని. సినిమాల్లో, సీరియళ్లలో తెరమీద ఒకరు పెదవులు ఆడిస్తే, చీకటి గదిలో నిలబడి ఈవిడ మాట్లాడుతుంది. ఇన్నాళ్లూ గుంపులో అరుపులకీ, పక్కింటావిడ పలకరింపులకీ పిలిచేవాళ్లు. ఈసారి మొహం వెలిగిపోతోంది.

"నాన్నా, నీకో మంచి కబురు."

"తాళంచెవి పారేసుకున్నావా?"

"ఎప్పుడూ అదే యావ! నీ దొంగ దొరికాడు."

ఆకురాయి ఆగింది. కూతురు స్టూలు లాక్కుని కూర్చుని చెప్పుకొచ్చింది. ఆ పాత సీరియల్‌ని అప్పట్లో తీసిన కంపెనీవాళ్లే దుమ్ము దులిపి, బొమ్మ శుభ్రం చేసి, ఫోన్లలో చూసుకునేలా మళ్లీ వదులుతున్నారు. అందులో కాలేజీ తప్పులన్నీ కుర్రకారు ఏరి ఏరి ముక్కలు కత్తిరించి నవ్వుకుంటున్నారు. వదిలేముందు వాటిని దిద్దాలని రచయిత పట్టుబట్టాడు. తల్లి వేషం వేసినావిడ పోయి చాలా కాలమైంది. ఆవిడ గొంతుకి దగ్గరగా ఉండే గొంతు కోసం చాలామందిని పరీక్షించారు. చివరికి ఈ పిల్ల నెగ్గింది.

"ఇంతకీ ఏం దిద్దుతారు?"

"డిగ్రీ మాట. 'నేను డిగ్రీ చదివేటప్పుడు' అన్నచోట 'మీ నాన్న పరీక్షలు రాసేటప్పుడు' అనాలి. 'వణుకుతూనే వెళ్లాడు, వణుకుతూనే రాశాడు.' పెదవులు కూడా ఇంచుమించు కలుస్తాయట. నువ్వు ఇన్నేళ్లూ ఏ మాట వల్ల కొంప మునిగిందన్నావో, ఆ మాట రేపు పోతోంది నాన్నా. నీ కూతురే తీసేస్తోంది. సంతోషించు మరి!"

ఆకురాయి జారింది. బిగింపులో ఉన్న తాళంచెవి పళ్లు అడ్డదిడ్డంగా తెగాయి. ఆయన దాన్ని తీసి తుక్కు డబ్బాలో పడేశాడు.

"తీయొద్దని చెప్పు."

"ఏంటి?"

"చెవుడా? ఆ మాట తీయొద్దని చెప్పు."

"నాన్నా, ఒంట్లో బాగానే ఉందా? నువ్వేగా ఆ వెధవ మర్చిపోయాడు, ఆ వెధవ మర్చిపోయాడు అని నా చిన్నప్పట్నుంచీ..."

"నేనంటాను. నేనెన్నైనా అంటాను. వాడెవడు దిద్దడానికి?"

"రాసినవాడు!"

"రాసినప్పుడు దిద్దుకోవాల్సింది."

కూతురు తల పట్టుకుంది. తను కాదంటే ఇంకో గొంతు తెచ్చుకుంటారనీ, ఇంత పెద్ద పని మళ్లీ రాదనీ, కంపెనీ మాట కాదనడానికి తనెవరనీ చెప్పింది. ఆయనకి అదంతా అర్థమైంది. అర్థం కానిది ఒక్కటే: ఇన్నేళ్లూ తిట్టిన మాట పోతుంటే తనకెందుకింత కష్టంగా ఉందన్నది. సొంత ఇంటి గోడని ఎంతైనా తిట్టుకోవచ్చు. పరాయివాడు గునపం పట్టుకొస్తే చూస్తూ ఊరుకోలేం. ఆ మాట పోతే, ఇకమీద ఆ సీరియల్ చూసేవాళ్లకి కనిపించేది ఎన్నడూ చదువుకోని ఇల్లాలు. మధ్యలో చదువుకున్న ఆ ఒక్క ఆడమనిషీ ఎక్కడా మిగలదు. తన భార్య ఆవిణ్ని నమ్ముకునే ఇల్లు దాటింది.

"రేపు వాడు వస్తాడా అక్కడికి?"

"ఆయన దగ్గరుండి దిద్దిస్తారట."

"నేనూ వస్తాను."

"కొట్లాటకా?"

"చూద్దాం."

స్టూడియో ఒక పాత మేడ కింది అంతస్తులో ఉంది. తలుపు దళసరిగా, లోపల దూది కుక్కినట్టుంది. దానికి తాళం లేకపోవడం తాళాలాయన గమనించాడు. లోపల రెండు గదులు, మధ్య పెద్ద అద్దం. అద్దానికి అవతల మైకు ముందు కూతురు నిలబడింది. ఇవతల మీటల బల్ల ముందు సౌండు ఇంజినీరు కూర్చున్నాడు. గొంతు చుట్టూ హెడ్‌ఫోను తగిలించుకున్న లావుపాటి మనిషి, కుర్చీ కిర్రుమంటే కుర్చీనే తిడతాడు.

"బాబాయిగారూ, కూర్చోండి. దగ్గొస్తే బయటికెళ్లి దగ్గండి. నిట్టూర్పు కూడా బయటే."

సోఫాలో ఒక మూల రచయిత కూర్చుని ఉన్నాడు. తాళాలాయన ఇన్నేళ్లూ మనసులో ఒక దొంగని తయారు చేసుకున్నాడు. వాడు బలిసినవాడు, ఉంగరాలవాడు, వెకిలి నవ్వువాడు. ఇక్కడ ఉన్నది చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్న ముసలాయన. ఫ్లాస్కులోంచి వేడినీళ్లు మూతలో పోసుకుని, చల్లారాయో లేదో వేలు ముంచి చూసుకుంటున్నాడు. ఇంత చిన్న మనిషిని తిట్టడమెలాగా అని తాళాలాయనకి చికాకేసింది.

పని మొదలైంది. ముందు చిన్న చిన్నవి అయ్యాయి. సీరియల్లో కూతురి కాలేజీకి రైలా, నడకా అన్నది నడక కింద తేలింది. తర్వాత తెరమీద వంటిల్లు వచ్చింది. పిండి కలుపుతున్న చేతులు, నుదుటిమీద పడ్డ వెంట్రుకని మోచేత్తో వెనక్కి తోసుకోవడం, ముసుగుతన్నిన కొడుకు. ఇంజినీరు మీట నొక్కి లోపలికి చెప్పాడు.

"అమ్మా, ఇదే అసలు ముక్క. తయారా?"

"ఆపండి" అన్నాడు తాళాలాయన.

ఇంజినీరు కుర్చీ కిర్రుమంటూ తిరిగింది. "దగ్గొచ్చిందా బాబాయిగారూ?"

"దగ్గు కాదు. ఈయనతో మాట్లాడాలి."

రచయిత మూత కింద పెట్టాడు. "నాతోనా? చెప్పండి."

"ఆ మాట మీరెందుకు రాశారు?"

"ఏ మాట? డిగ్రీయా?" రచయిత మొహం ముడుచుకుపోయింది. "మీరు కూడానా! అయ్యా, తప్పే. కొడుకుని మంచం మీంచి లేపడానికి ఒక మాట కావాల్సొచ్చింది. చేతికొచ్చింది రాసేశాను. మొదటి ఏడాది ఏం రాశానో అప్పటికి ఎవడికి గుర్తు? రాసినవి వందలున్నాయి. మా మనవలు కూడా ఫోను తీసి ఆ ఒక్క ముక్కే చూపించి పడీపడీ నవ్వుతారు. పోయేలోగా అది తుడిచేస్తే నాకు నిద్ర పడుతుంది. మిమ్మల్ని ఇబ్బంది పెట్టి ఉంటే క్షమించండి."

"క్షమించను."

ఇంజినీరు మీటలకేసి చూస్తూ ఉండిపోయాడు.

"క్షమించను" అన్నాడు మళ్లీ తాళాలాయన. "నాలుగేళ్లు చల్లారిన తిండి తిన్నాను మీ వల్ల. అది నేను మర్చిపోయేది కాదు. కానీ ఆ మాట తీయొద్దు."

"మీ మాట నాకు అంతు పట్టడం లేదండీ. తప్పంటారు, ఉంచమంటారు."

"మా ఆవిడ అది తప్పనుకోలేదు."

ఇక చెప్పక తప్పలేదు. కుంగిన తలుపుని ఎత్తిపట్టి తీసినట్టు, ఒక్కో మాటా ఎత్తి బయటికి తీశాడు. కూర తరుగుతున్న కత్తి పక్కన పెట్టిన సంగతి చెప్పాడు. వారానికి అరగంటేగా చూసేది అన్న మాట చెప్పాడు. రచయిత నోరు తెరుచుకుని విన్నాడు.

"మిగతా వారమంతా ఏం చేస్తోందో మీకేం తెలుసు అందా? ఆవిడా?"

"అంది."

"అయ్యో! ఇది నాకు తట్టలేదే అప్పుడు."

"మీకు తట్టలేదు గనకే మా ఇంట్లో పొయ్యి ఆరింది. చదివింది. భూగోళం. బడిలో పిల్లలకి చెప్పింది. అది కాదు నేను చెప్పొచ్చేది." ఆయనకి దగ్గొచ్చింది. దగ్గు బయటికెళ్లి దగ్గాలన్నది గుర్తొచ్చి మింగాడు. "ఆఖర్న మంచాన పడింది. నెలల తరబడి లేవలేదు. ఆ గదికి కిటికీ ఒకటి, తెరిస్తే పక్కింటి గోడ. ఏమే, ఎక్కడున్నావు అని అడిగేవాణ్ని, మగతలో ఉందేమోనని. 'ఎడారిలో ఉన్నానండీ, చలిగా ఉంది' అనేది. ఎడారిలో చలేమిటే అంటే, పగలెంత కాలినా రాత్రికి ఇసుక వేడి నిలుపుకోదని పాఠం ఎత్తుకునేది. ఇంకో పూట ఏదో నది వెంట వెళ్లేది. నేనూ వెళ్లేవాణ్ని, పనేముంది. కొండ దగ్గర మొదలెట్టి సముద్రం దాకా. మధ్యలో ఊళ్లు చెప్పేది, పంటలు చెప్పేది. చెబుతున్నంతసేపూ నొప్పి తెలిసేది కాదు దానికి. డాక్టరు మందు కాసేపే పనిచేసేది. నది పూటంతా పనిచేసేది."

రచయిత సోఫా అంచుకి జరిగి కూర్చున్నాడు.

"నేను ఐదు చదివాను. నా దగ్గర దానికివ్వడానికి ఎడారులు లేవు, నదులు లేవు. మీరు మర్చిపోయి ఉండకపోతే అది ఆ పక్కింటి గోడ చూసుకుంటూ పోయేది. అది చెబుదామనే వచ్చాను. తిడదామనుకునే వచ్చాను. ఇది చెప్పాను."

ఆయన లేచి నిలబడి రచయితకి దణ్ణం పెట్టాడు. క్షమించలేదు, దణ్ణం మాత్రం పెట్టాడు. రెండూ ఒకే మనిషికి ఎలా చెల్లుతాయో ఆయనకి తెలియదు. చెల్లించాడు.

అప్పుడు గోడమీది స్పీకరు ముక్కు ఎగబీల్చింది.

"నాన్నా" అంది స్పీకరు. "నాకు వినిపిస్తోంది."

ఇంజినీరు గతుక్కుమని మీటకేసి చూశాడు. లోపలికి మాట్లాడే మీట నొక్కింది నొక్కినట్టే ఉంచేశాడు. అద్దం అవతల కూతురు హెడ్‌ఫోను రెండు చేతులతో చెవులకి అదిమి పట్టుకుని నిలబడి ఉంది.

"అది మూసెయ్" అన్నాడు తాళాలాయన ఎవరివైపూ చూడకుండా.

రచయిత ఫ్లాస్కు మూతలో నీళ్లు తాగేశాడు. తర్వాత ముసలి మొహంలో ఏదో కదిలింది. పనివాడికి పని కనపడినప్పుడు కదిలేది.

"నా పరువు మాటో మరి?" అన్నాడు.

"తప్పు కాదని చెప్పండి. ఆవిడ మధ్యలో చదువుకుందని చెప్పండి."

"అబద్ధం ఆడమంటారా?"

"అబద్ధాలు రాసి బతికినవారు. ఇంకోటి ఆడితే అరిగిపోతారా?"

రచయిత పకపకా నవ్వాడు. నవ్వుతుంటే గుండీ ఒకటి ఊడింది. "అది కాదండీ. చెబితే ఎవడు నమ్ముతాడు? చూపించాలి. ఎప్పుడు చదివిందో తెరమీద ఉండాలి." ఇంజినీరు వైపు తిరిగాడు. "ఏమయ్యా, మూడో ఏడాది సాయంత్రం సీన్లు ఉన్నాయా? ఆ ఏడాది తల్లి వేషం వేసినావిడకి సాయంత్రాలు నాటకాలుండేవి. నన్ను సాయంత్రం సీన్లలో పెట్టొద్దు, నాలుగింటికల్లా వదిలెయ్యమని ప్రాణం తీసేది. ఆ ఏడాదంతా పొద్దుగూకితే ఇంట్లో తల్లి ఉండదు. తండ్రీ పిల్లలే తిప్పలు పడతారు."

"ఉన్నాయి గురువుగారూ. ఒకదాంట్లో కొడుకు అడుగుతాడు కూడా. అమ్మేదీ అని."

"కూతురేమంటుంది?"

"'బజారుకెళ్లింది' అంటుంది. వీపు ఇటు పెట్టి నిలబడుతుంది. మొహం కనబడదు."

"మొహం కనబడదా?"

"కనబడదు. పెదవుల గొడవే లేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాళాలాయనకి అర్థమయ్యేలోపే తెరమీద వంటిల్లు పోయి ముందుగది వచ్చింది. సాయంత్రం వెలుగు, తండ్రి చేతిలో మాడిన గిన్నె, గుమ్మంలో కొడుకు. జడ వేసుకున్న కూతురు అటు తిరిగి బట్టలు మడతపెడుతోంది.

ఇంజినీరు మీట నొక్కాడు. "అమ్మా, డిగ్రీ ముక్క వదిలెయ్. అది అలాగే ఉంటుంది. ఇది చెప్పు, ఆ పిల్ల గొంతుతో. 'అమ్మ కాలేజీకెళ్లింది.' అంతే. కొత్త సంగతి చెప్పినట్టు చెప్పకు. రోజూ ఉండేదే అన్నట్టు చెప్పాలి."

"తెలుసు" అంది అద్దం అవతలినుంచి తాళాలాయన కూతురు.

మొదటిసారి తొందరపడి కుర్రాడికంటే ముందే అనేసింది. రెండోసారి మరీ మెల్లిగా వచ్చింది. నీళ్లు తాగింది. మూడోసారి తెరమీది కుర్రాడు "అమ్మేదే?" అనగానే, చదువుకోడానికి వెళ్లిన తల్లి కోసం ఎదురుచూసి చూసి అలవాటైపోయిన పిల్ల విసుగుతో, ఆ విసుగు కిందే దాక్కున్న గొప్పతో అంది:

"అమ్మ కాలేజీకెళ్లింది."

తెరమీద తండ్రి మాడిన గిన్నె పైకెత్తి చూసి నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు పాతదే, ఎప్పుడో తీసినదే. ఇప్పుడు దానికో కారణం దొరికింది. పాత జనం తెర వెనక నవ్వారు. ఇన్నేళ్ల కిందట ఇంకేదో చూసి నవ్విన నవ్వు ఇక్కడికి అతికినట్టు సరిపోయింది.

"సరిపోయింది" అన్నాడు ఇంజినీరు.

"అతికింది!" అన్నాడు రచయిత. కళ్లు తుడుచుకుని, తాళాలాయన చెయ్యి పట్టుకున్నాడు. "మీ ఆవిడ కనిపెట్టింది, నేను రాశాను. అంతే. ఇక ఎవడైనా నవ్వితే మూడో ఏడాది చూసుకోమంటాను."

తాళాలాయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కాసేపలా ఉంచాడు. తర్వాత, "గుండీ ఊడింది, చూసుకోండి" అని లేచాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చోడానికి ఒకటే సీటు దొరికింది. తండ్రిని కూర్చోబెట్టి కూతురు కమ్మీ పట్టుకుని నిలబడింది. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆవిడకి అడగాలనున్నవి చాలా ఉన్నాయి. అమ్మ మంచంలో ఉన్నన్నాళ్లూ తను వచ్చినప్పుడల్లా నాన్న బయటికెళ్లి నిలబడేవాడు. లోపల ఏం మాట్లాడుకుంటారో తెలిసేది కాదు. మందుల గురించి అనుకుంది.

"నాన్నా."

"ఊఁ."

"సముద్రం దాకా వెళ్లేవాళ్లా?"

ఆయన కిటికీలోంచి చూశాడు.

"ఏ నదులు నాన్నా? అమ్మ ఏ నదులు చెప్పేది నీకు?"

"నది పేర్లు పుస్తకంలో ఉంటాయి. చూసుకో."

"నీ నోటితో చెబితే ఏం పోతుంది? ఇన్నేళ్లూ దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ ఆ సీరియల్ మీద పడి ఏడ్చావు. ఈ మాట నాకొక్కదానికి ఒక్కసారి చెప్పి ఉంటే నేనూ నీ పక్కన కూర్చునేదాన్ని కదా!"

బస్సు ఆగింది, కొందరు దిగారు. పక్క సీటు ఖాళీ అయింది. ఆయన జరిగి, ఆమె కూర్చోవడానికి చోటిచ్చాడు. కూర్చుంది. భుజం భుజానికి తగిలింది. ఆయన భుజం తీసుకోలేదు.

"ఇదిగో అమ్మాయ్" అన్నాడు. "బాగా చెప్పావు లోపల. అచ్చం చిన్నప్పుడు, అమ్మేదని వీధిలోవాళ్లడిగితే చెప్పినట్టే చెప్పావు. మీ అమ్మ విని ఉంటే పాఠం ఆపి వినేది."

"నాన్నా..."

"ఇక చాలు. చెప్పాల్సిన మాట చెప్పాల్సినవాడికి చెప్పాను. తిట్టాల్సింది తిట్టాను, పెట్టాల్సిన దణ్ణం పెట్టాను. ఆ సీరియల్ మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తొద్దు. నువ్వడిగినా చెప్పను, దుకాణంలో ఎవడడిగినా చెప్పను. మంచి గానీ చెడు గానీ."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

మళ్లీ చెప్పలేదు.